సాసరులో తాగేవాళ్ళు

తెల్లవాళ్ళలో ఎక్కువ తక్కువలు లేవని నమ్మేవాళ్ళను చూసి మా అవ్వ జాలిపడేది. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి డాక్టరు దొర బంగళాలో ఆమె చాలా ఏళ్ళు ఆయాగా పనిచేసింది. ఇంగ్లాండు ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. ఆ దేశంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బంగళా వరండా చూస్తేనే తెలిసిపోయేదని ఆమె నమ్మకం.

డాక్టరు దొర, దొరసాని లోపల టేబుల్ దగ్గర. నర్సమ్మ కూడా లోపలే, కానీ పిలిస్తేనే. బావులకు ఇంజన్లు బిగించే వర్క్‌షాపు దొర, ఆయన భార్య మాత్రం వరండాలో. అదీ క్రిస్మస్‌కే.

"వాళ్ళు గూడా తెల్లోళ్ళే గదవ్వా?" అని చిన్నప్పుడు అడిగాను.

"అయితే మాత్రం? అందురూ ఒగటేనా ఏంది?" అంది అవ్వ. "మన మాదిరి ఏ కులమని అడగరు వాళ్ళు. ఎదుటోడు నోరు తెరిస్తే చాలు, తెలుసుకుంటారు. నోరు మూసుకోనుంటే టీ తాగేటప్పుడు తెలుసుకుంటారు."

టీ తాగేటప్పుడు ఎలా తెలుస్తుందంటే, సాసరును బట్టి. టీని సాసరులో పోసుకొని, ఊదుకొని, జుర్రుకుంటే గుర్రపుసాలలో పనిచేసేవాళ్ళ పుట్టుక. కప్పుతోనే, చప్పుడు కాకుండా తాగితే పెద్దింటి పుట్టుక. వర్క్‌షాపు దొర ఒక క్రిస్మస్ నాడు సాసరులో పోసుకోవడం దొరసాని చూసిందట. అప్పుడు ఆమె మొహం ఎలా పెట్టిందో అవ్వ మాకు చాలాసార్లు పెట్టి చూపించింది. కనుబొమ్మలు కదలకూడదు, పెదవులు కదలకూడదు, అయినా ఎదుటివాడికి తాను పుట్టకుండా ఉంటే బాగుండేదని అనిపించాలి. అవ్వకు ఆ మొహం బాగా వచ్చేది.

నేను పెద్దయ్యాక ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరాను. పాఠంలో ప్రభువులు, బట్లర్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, "వాళ్ళకు మన మాదిరి కులాలు లేవు కదా మేడం?" అని అడిగేవాళ్ళు. నేను అవ్వ వరండా గురించి చెప్పేదాన్ని. గైడులో లేదు కనుక పరీక్షలో ఎవరూ రాయలేదు. నోరు తెరిస్తే తెలుసుకుంటారన్న మాటకు మాత్రం నా దగ్గర వేరే ఆధారం ఉంది. గుంటూరులో బి.ఇడి. చదవడానికి వెళ్ళిన మొదటి రోజు హాస్టల్లో, "నీళ్ళు యాడుండాయి?" అని అడిగాను. ఆ ఏడాదంతా అందరూ నన్ను 'యాడుండాయి' అనే పిలిచారు. నీళ్ళు ఎక్కడున్నాయో నేనే వెతుక్కున్నాను.

దొరలు వెళ్ళిపోయారు. వాళ్ళ వరండా మాకు మిగిలింది. మా చర్చిలో రెండు రకాల మనుషులం ఉండేవాళ్ళం. బంగళావాళ్ళు, చేనివాళ్ళు. ఆయాలు, బట్లర్లు, కాంపౌండర్లు, మిషన్ బడి టీచర్లు, వాళ్ళ పిల్లలు బంగళావాళ్ళు. అంటే మేము. పల్లెల్లో ఉండిపోయి శెనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్ళు చేనివాళ్ళు. అందరి తాతలూ ఒకే పేటలో పుట్టి, ఒకే పాదిరి చేతిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే. కాస్త తవ్వితే అందరం చుట్టాలమే. అందుకే ఎవరూ తవ్వేవాళ్ళు కాదు. చేనివాళ్ళు చర్చిలో వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు.

దొరసాని దేశం వదిలి వెళ్తూ అవ్వకు ఒక టీ సెట్టు ఇచ్చింది. తెల్లటి పింగాణీ, అంచున నీలం పూలు. మా ఇంట్లో సాయంత్రం నాలుగింటికి ఆ కప్పుల్లోనే టీ తాగాలి. సాసరు కప్పు కింద పెట్టుకోవడానికి, అంతే. నేనూ చెల్లెలూ నాలుక బొబ్బలెక్కినా సాసరులో పోసుకోకుండా, శానా గౌరవంగా పెరిగాం.

ఇదంతా చూస్తే నాకు ఒళ్ళు మండేది. కానీ అవ్వ మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడం కుదిరేది కాదు. చక్రాయపేట పక్కన ఆమె పుట్టిన పల్లెలో, హోటలు చూరులో మావాళ్ళ గ్లాసు వేరేగా దోపి ఉండేది. అది తీసుకొని బయట నిలబడితే టీ ఎత్తి పోసేవాళ్ళు. తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే పెట్టాలి. అక్కడినుంచి వచ్చిన మనిషి చేతికి ఒక కప్పు, దాని కింద ఒక సాసరు వచ్చాయి. ఆమె వాటిని అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో తెలుసుకోవడానికి ఇంగ్లీషు ఎమ్మే అక్కర్లేదు.

మా చెల్లెలు ప్రొద్దుటూరులోనే ఒక నర్సింగ్ హోములో నర్సు. ఆ రోజుల్లో అక్కడికి ముఖ్యంగా రెండు రకాల కేసులు వచ్చేవి. కాన్పులు, బాంబులు. ఎన్నికలు దగ్గరపడితే రెండో రకం ఎక్కువ. అలా గాయపడినవాళ్ళను జీపులో వేసుకొని తెచ్చే డ్రైవరు ఒకతను ఉండేవాడు. పులివెందుల అవతల, సింహాద్రిపురం దగ్గర ఒక ఊరి పెద్దాయన జీపు అది. పెద్దాయన అంటే వయసులో పెద్ద అని కాదు. ఆయన పార్టీ మారితే ఊరంతా మధ్యాహ్నం అన్నాల లోపల మారిపోయేది. జీపు మీద జెండా ఒకటే కాస్త ఆలస్యంగా మారేది, దర్జీ కుట్టాలి కదా.

తెచ్చిన మనుషులకు లోపల కట్లు కడుతుంటే బయట వీళ్ళిద్దరికీ మాటలు కలిశాయి. అతనూ మావాడే. చేనివాడు. తండ్రి లేడు, తల్లి ఇంకా కూలికి పోతోంది. చెల్లెలు ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఈ సంగతి ఇంట్లో చెప్పింది. మా అమ్మ అప్పటికే లేదు. కాంపౌండరుగా రిటైరైన మా నాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పార్టీ?" అవ్వ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ బెంచీ?"

చెల్లెలు రెండింటికీ జవాబు చెప్పింది. తర్వాత, "చేసుకుంటే ఆయప్పనే చేసుకుంటా. మీరు ఒప్పుకోకుంటే లేచిపోయేది గూడా లేదు. డ్యూటీకి పోతా, ఇంటికొస్తా. ఇంగెవుర్నీ చేసుకోను," అంది. అది ఏడుస్తూ చెప్పి ఉంటే మాకు ధైర్యంగా ఉండేది. టెంపరేచరు చూసి చెప్పినట్టు చెప్పింది. దాని సంగతి మాకు తెలుసు. ఒకసారి అన్న మాటను అది రెండోసారి అనేది కాదు, మార్చేదీ కాదు.

చివరికి నాయనే పెళ్ళిచూపులకు రమ్మని కబురు పెట్టాడు. అతనూ వాళ్ళమ్మా బస్సులో వచ్చారు. మా ఊరు జమ్మలమడుగు అప్పట్లో అవతలి పార్టీది. ఆ జీపులో వస్తే రావడం వస్తారు, పోవడానికే గ్యారంటీ లేదు. అతను తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు. వాళ్ళమ్మ కుర్చీలో కూర్చోనంది. నేను బతిమాలితే అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటే ఆలస్యం కాకూడదన్నట్టు. అవ్వ టేబుల్ చివర దొరసాని చోట్లో కూర్చుంది. అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది, చేతులెలా ఉన్నాయో దగ్గర్నుంచి చూడాలి కదా.

చెల్లెలు నీలం పూల కప్పుల్లో టీ తెచ్చింది. నాయన ప్రార్థన చేశాడు. రెండు పార్టీల వాళ్ళకూ శాంతి కావాలని అడగడం వల్ల ప్రార్థన కాస్త పొడుగైంది. ఆమెన్ అనేసరికి టీ మీద మీగడ కట్టింది.

అప్పుడు అతను చెయ్యి చాచాడు. తన కప్పు కోసం కాదు. అవ్వ ముందున్న కప్పు తీసుకున్నాడు. అందులోంచి కొంచెం టీ సాసరులో పోశాడు. చప్పుడు చేస్తూ తాగాడు. ఒక పరలోక ప్రార్థన చెప్పుకునేంత సేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత కప్పును రెండు చేతులతో అవ్వ ముందుకు జరిపి, ఎంతో వినయంగా అన్నాడు:

"తాగవ్వా. ఏం గాదు."

మా ముఖాలు చూసి అతనికి తాను ఏదో చేశానని అర్థమైంది. ఏం చేశాడో మాత్రం అర్థం కాలేదు.

వాళ్ళమ్మే చెప్పింది. "పెద్దాయన యాడికి పోయినా, ఎవురింట్లో అయినా టీ ఇచ్చినారంటే, ఈడు తాగి సూసినంకనే ఆయన తాగేది తల్లీ. ఆ పార్టీ వోళ్ళు ఏమన్నా కలిపింటారేమో అని. పెద్దోళ్ళ పక్కన కూసుంటే ఈనికి చెయ్యి దానంతట అదే పోతాది. పెద్దాయనకు తప్ప ఇంగెవురికీ చెయ్యడు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. తనకు తెలిసిన మర్యాదల్లో అన్నిటికంటే పెద్దది అవ్వకు చేశాడతను. అవ్వ లెక్కలో మాత్రం అది వరసగా మూడు నేరాలు. సాసరులో తాగాడు, ఆమె కప్పు ముట్టుకున్నాడు, మా ఇంటి టీలో విషం ఉందేమోనని చూశాడు.

అవ్వ దొరసాని మొహం పెట్టింది. "టీ సల్లారిపాయ," అంది. "మీకు బస్సుకు టైమయితాది."

వాళ్ళు వెళ్ళాక అవ్వ ఆ కప్పును, సాసరును కడిగించి, మిగతావాటితో కలపకుండా వంటింటి కిటికీలో వేరేగా పెట్టించింది. అది చూసి నేను ఉండబట్టలేక, "చక్రాయపేటలో చూరులో పెట్టేవాళ్ళు, నువ్వు కిటికీలో పెట్టిస్తాండావు. అంతే గదా తేడా," అన్నాను. అన్నందుకు నేనేమీ బాధపడలేదు. వారం రోజులు అవ్వ నాతో మాట్లాడలేదు. కప్పు మాత్రం అక్కడే ఉంది.

చెల్లెలు చెప్పింది చెప్పినట్టే చేసింది. డ్యూటీకి పోయింది, ఇంటికొచ్చింది. కడప నుంచి ఒక బంగళావాళ్ళ సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో పని, టీ చప్పుడు కాకుండా తాగుతాడని అవ్వ ముందే విచారించింది. ఆ రోజు చెల్లెలు ఇంకో నర్సు డ్యూటీ కూడా అడిగి తీసుకొని రాత్రిదాకా ఇంటికే రాలేదు. దాని మొహంలో మాంసం తగ్గుతూ వచ్చింది. అన్నం ముందు కూర్చొని లేచిపోయేది. నాయన పార్టీ గురించి అడగడం మానేశాడు. అవ్వ మాత్రం దిగిరాలేదు. ఆమె బతికి ఉండగా మాత్రం ఆ పెళ్ళి జరగదని మేము ఇంచుమించు ఒప్పేసుకున్నాం.

ఇలా ఉండగా మా చర్చి వార్షికోత్సవానికి ఇంగ్లాండు నుంచి డాక్టరు దొర కూతురు వస్తున్నదని పాస్టరు అయ్యగారు ప్రకటించారు. జమ్మలమడుగులోనే పుట్టి, చదువు కోసం చిన్నప్పుడే దేశానికి పోయిన పాప. అవ్వ చేతుల మీద పెరిగిన పాప. ఇప్పుడు ఆమెకూ తల నెరిసి ఉంటుందని ఎంత చెప్పినా అవ్వ పాప అనే అనేది. టీ సెట్టు మొత్తం దించి తోమించింది. కిటికీలోది తప్ప.

ఆమె ఎర్రగుంట్లలో రైలు దిగాలి. అక్కడినుంచి తీసుకురావడానికి ప్రొద్దుటూరు టాక్సీవాళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు. ఆ వారం దారిలో బాంబులు పడ్డాయి. అయ్యగారు మా ఇంట్లో కూర్చొని దిగులుపడుతుంటే చెల్లెలు కూరగాయలు తరుగుతూ, "ఒక జీపు ఉండాది," అంది. నాయన పైకప్పు చూశాడు. అవ్వ ఏమీ వినబడనట్టు కూర్చుంది. పాప రావాలి, జీపు తప్ప వేరే దారి లేదు.

పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, మా పేటలో ఓట్లున్నాయి. పైగా ముందు సీట్లో తెల్లామె ఉంటే ఎవరూ బాంబు వెయ్యరని ఆయన ధైర్యం. ఆ ధైర్యం తప్పు కాలేదు. జెండా తీసేసిన జీపు మా ఊరి నడివీధిలో మెల్లగా వస్తుంటే అవతలి పార్టీవాళ్ళు కూడా చేతులు ఊపారు. చేతుల్లో ఏమీ లేవు.

ఆమె పొడుగ్గా, పీలగా ఉంది. దిగగానే అవ్వను వాటేసుకుంది. అవ్వ ఎన్నో ఏళ్ళుగా వాడని ఇంగ్లీషు ఒక్కసారిగా బయటికొచ్చింది. "బేబీ గుడ్? డాడీ గుడ్? మమ్మీ గుడ్?" అంది. డాడీ, మమ్మీ దేవుని దగ్గరికి పోయి చాలా ఏళ్ళైందని నేను తర్జుమా చేశాను. ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

టేబుల్ దగ్గర కూర్చున్నాక ఆమె బయటికి చూసి, డ్రైవరును కూడా లోపలికి పిలవమంది. అతను వేపచెట్టు కింద జీపుకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "డ్రైవర్ అవుట్‌సైడ్, మేడం."

ఆమె అవ్వను వింతగా చూసి, "అచ్చం మా అమ్మ గొంతు విన్నట్టే ఉంది," అంది. అది చెబితే అవ్వ మురిసిపోయింది. ఆమె ముఖం చూస్తే అది మెచ్చుకోలుగా అన్నట్టు నాకనిపించలేదు. ఆ ముక్క నేను తర్జుమా చేయలేదు.

చెల్లెలు టీ పోసి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె కప్పు అందుకొని, అవ్వను చూసి నవ్వి, టీని సాసరులో పోసుకుంది. రెండు చేతులతో ఎత్తుకొని జుర్రుకుంది. అవ్వ చేతిలో బిస్కత్తు ఉన్నచోటే ఆగిపోయింది.

"నాకిది నేర్పింది నువ్వే," అంది ఆమె. నేను ఒక్కో మాటా అవ్వకు చెబుతూ పోయాను. "పాలు సాసరులో పోసి, నువ్వొక గుక్క తాగి, కాసేపు నా మొహం చూస్తూ కూర్చొని, అప్పుడు నాకిచ్చేదానివి. ఇంగ్లాండులో మా అమ్మమ్మగారింట్లో మొదటి రోజు పాలు సాసరులో పోసుకున్నాను. పనివాళ్ళ అలవాటు దీనికెలా వచ్చిందని ఆమె మండిపడింది. అంతగా ఇష్టమైతే పనివాళ్ళతోనే తినమని వంటింట్లోకి పంపింది. వాళ్ళందరూ సాసరులోనే తాగుతున్నారు. ఆ ఇంట్లో నాకు బాగున్న చోటు అదొక్కటే. మా ఆయా మనుషులు ఇక్కడ కూడా ఉన్నారనుకున్నాను."

అవ్వ బిస్కత్తు కింద పెట్టింది. "పాలు నేను తాగింది..." అని ఆగింది. తర్వాత నా వైపు తిరిగి మామూలుగా చెప్పింది. "అది దొరసాని ఆర్డరు. కాంపౌండులో కలరా వచ్చి పిల్లోళ్ళు పోతాండ్రి. ముందు నువ్వు తాగు, నీకేమీ గాకుంటే పాపకియ్యి అనె. నాకప్పటికి మీ నాయన కడుపులో ఉండాడు. తాగితి. ఏం గాల్యా."

నాకు తెలియని సంగతి ఇది. నాయనకూ తెలియదు. ఆయన తన తల్లిని అంతకు ముందెప్పుడూ చూడనట్టు చూశాడు. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. ఎందుకు దాచాలి?

ఆమె సాసరును టేబుల్ మీద పెట్టేసింది. "చల్లార్చడానికి అనుకున్నాను ఇన్నాళ్ళూ," అంది.

"సల్లార్సేదానికి గూడా," అంది అవ్వ, ఆమె చెయ్యి నిమురుతూ. "ఏడ్సొద్దని చెప్పు పాపను. ఆ పొద్దు తాగి సూసేది నా పని. పని గాబట్టి చేస్తి..."

ఆ మాట సగంలో ఆగిపోయింది. అవ్వ తన నోట్లోంచి వచ్చింది తానే విన్నట్టు ఉండిపోయింది. వాకిలి వైపు చూసింది. వేపచెట్టు కింద అతను టవలుతో జీపు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. అవ్వ మొహంలో దొరసాని ఎక్కడా కనబడలేదు. మామూలు ముసలిమొహం, కళ్ళ నిండా నీళ్ళు.

"ఆయప్పను లోపలికి రమ్మను," అంది నాయనతో. చెల్లెలి వైపు తిరిగి, "కిటికీలో ఉండే కప్పు తే," అంది.

అతను చెప్పులు బయట విడిచి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వచ్చి, అవ్వ చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని గట్టిగా బిగించుకున్నాడు. చెల్లెలు ఆ నీలం పూల కప్పు తెచ్చి టీ పోసింది. అవ్వ ఆ కప్పును తన ముందుకు లాక్కుంది. కొంచెం టీ సాసరులో పోసింది. మేము పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వీధిలోకి వినబడేంత చప్పుడుతో జుర్రుకుంది. కప్పును రెండు చేతులతో అతని ముందుకు జరిపింది.

"తాగు నాయనా. ఏం గాదు."

అతను తాగలేదు. అవ్వ మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. కంగారు వల్ల అనుకున్నాను. కాదు, అలవాటు. ఎవరైనా తాగి చూశాక ఎంతసేపు ఆగాలో అతనికి తెలుసు. అతని కోసం మాత్రం అంతవరకు ఎవరూ తాగి చూడలేదు. గుమ్మంలో చెల్లెలు కెటిల్ కింద పెట్టకుండా నిలబడింది.

"ఏంది అట్ల సూస్తాండావు?" అంది అవ్వ. "ఇంగా బతికే ఉండా గదా. తాగు."

అతను సాసరులో పోసుకొని తాగాడు.